పళ్ళు చూసి కొన్న గడ్డికోత బండి

నేను ఒక గడ్డి కోసే బండిని. వెనక నిలబడి నెట్టుకుపోయే రకాన్ని కాదు, మనిషి దర్జాగా నామీద కూర్చుని నడిపే రకాన్ని. నాలుగు చక్రాలు, ఒక స్టీరింగు, ఒక సీటు, కడుపు కింద రెండు బ్లేడ్లు. ట్రాక్టరుకు మనవడు పుడితే అచ్చం నాలాగే ఉంటాడు. పొలం దున్నమంటే దున్నలేను, బస్తాలు మోయమంటే మోయలేను. మనుషులు నన్ను తయారు చేసుకున్నది ఒకే ఒక్క పనికి. వాళ్ళు గడ్డి నాటుతారు, నీళ్ళు పెడతారు, ఎరువు వేస్తారు. అది కష్టపడి రెండంగుళాలు ఎదిగేసరికి నన్ను పిలిచి తల కొట్టించేస్తారు. మర్నాటి నుంచి మళ్ళీ నీళ్ళు పెడతారు. ఈ సంగతి ఏ గేదెకు చెప్పినా నమ్మదు. నాకు మాత్రం ఏ ఫిర్యాదూ లేదు. వాళ్ళ తిక్కే నా బతుకుతెరువు.

నేను పుట్టింది సముద్రాల అవతల ఏదో కర్మాగారంలో. ఓడలో చెక్కపెట్టెలో పడుకుని మద్రాసు రేవుకు వచ్చాను, అక్కడి నుంచి లారీలో బెంగుళూరు పొలిమేరల్లో ఒక గోల్ఫు మైదానానికి. నన్ను ఎంచుకోవడానికి ఆ క్లబ్బు పెద్దలకు పట్టింది రెండు నిమిషాలు. ఒక పుస్తకంలో నా బొమ్మ చూసి, "ఎప్పుడు పంపుతారు?" అని అడిగారు, అంతే. డబ్బున్నవాడు అడిగే ప్రశ్న అదొక్కటే. లేనివాడు నూరు ప్రశ్నలు అడుగుతాడు. అందుకే మా గురించి వాడికి ఎక్కువ తెలుస్తుంది.

అక్కడ తొమ్మిదేళ్ళు పనిచేశాను. నేను చాపలా కోసిపెట్టిన గడ్డిని వదిలేసి, పెద్దమనుషులు బంతిని పొదల్లోకి కొట్టి, గంటలకొద్దీ వెతుక్కునేవారు. ఆ వెతుక్కోవడమే ఆట అని నేను చాలాకాలం అనుకున్నాను. తరవాత నన్ను ఒక అపార్టుమెంట్ల బిల్డరు తన ఫామ్‌హౌసుకు కొనుక్కున్నాడు. ఆయన నామీద రెండుసార్లు కూర్చున్నాడు, రెండుసార్లూ ఫోటోల కోసం. ఆయన కుక్క మాత్రం రోజూ కూర్చునేది. సీటు చింపింది అదే. ఆయన వ్యాపారం దెబ్బతిన్నాక, నేను బళ్ళారి దారిలో బసవరాజు అనే ఆయన పాత యంత్రాల యార్డుకు చేరాను. అటు ఒక బోరు మిషను, ఇటు ఒక కంకర మిషను, మధ్యలో టార్పాలిను కప్పుకుని మూడేళ్ళు నేను. ఇద్దరూ రాళ్ళతో బతికినవాళ్ళు. గడ్డి కోస్తానంటే నవ్వేవాళ్ళు.

నాలుగో ఏడు వేసవి వెళ్తుండగా ఒక పొద్దున యార్డు ముందు ఆటో ఆగింది. ముగ్గురు దిగారు. మొదటి ఆయన దస్తగిరి సార్, రిటైరైన డ్రిల్లు మాస్టారు. చేతిలో నోటుపుస్తకం, మెడలో ఈల. ఉద్యోగం వదిలినా ఈల వదల్లేదు. రెండో ఆయన మద్దిలేటి, డెబ్బై దాటిన మనిషి, నలభై ఏళ్ళు పశువుల సంతల్లో ఎద్దుల బేరాలు చేసినవాడు. భుజాన తువ్వాలు, చేతిలో ఒక పలుపుతాడు. మూడో మనిషి సుంకమ్మ. నలభై రెండేళ్ళుంటాయి. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒక్కో అడుగూ ఒత్తి ఒత్తి వేస్తూ వచ్చింది.

దస్తగిరి సార్ బసవరాజుకు వచ్చిన పని చెబుతుంటే, టార్పాలిను కింద నేనూ విన్నాను. వాళ్ళది కర్నూలు వైపు ఎర్రదిన్నె. అక్కడ ఆడపిల్లల ఫుట్‌బాల్ మైదానం ఉంది. ఆ రాతినేలలో పదహారేళ్ళ కిందట గడ్డి నాటి బతికించింది సుంకమ్మే. కోసేదీ ఆమే, కొడవలితో, కూర్చుని జరుగుతూ. ఒక కొస నుంచి ఇంకో కొసకు పోవడానికి పన్నెండు రోజులు పడుతుంది. ఆమె అటు చేరేసరికి ఇటు మళ్ళీ పెరిగి ఉంటుంది. ఈసారి జోన్ పోటీలు ఎర్రదిన్నెకు వచ్చాయి. కానీ షరతు ఒకటి పెట్టారు: మైదానమంతా గడ్డి ఒకే ఎత్తు, అంగుళం ఉండాలి. వచ్చి కొలుస్తారు. లేకపోతే పోటీలు ఇంకో ఊరికి పోతాయి.

మైదానం కమిటీ సెక్రటరీ లింగారెడ్డి, కర్నూలు కాంట్రాక్టరుకు అప్పగిద్దామన్నాడు. లేదంటే ముప్పై వేలు పెట్టి నెట్టే మిషను కొని, కండబలం ఉన్న మగమనిషిని పెట్టుకుందామన్నాడు. రెంటిలో ఏది జరిగినా సుంకమ్మ పని పోతుంది, ఆమె నెట్టలేదు కాబట్టి. దస్తగిరి సార్ వారం గడువు అడిగి తీసుకున్నారు. చందాల డబ్బు డెబ్బై వేలుంది. అందులో కూర్చుని నడిపే బండి దొరికితే సుంకమ్మ ఉంటుంది, దొరక్కపోతే లేదు. కొత్త బండి మూడు లక్షల పైమాట అని కంపెనీ వాళ్ళు చెప్పేశారు.

నా విలువ తెలిసినవాళ్ళను చాలామందిని చూశాను. నా అవసరం ఉన్న మనిషిని చూడటం అదే మొదలు.

బసవరాజు ముందు ఎర్రబండిని చూపించాడు. అది నాకంటే ముందు వరసలో, గేటు పక్కనే, పెళ్ళికొడుకులా మెరుస్తూ ఉండేది. "అరవై ఎనిమిది, మీ కోసం" అన్నాడు. దస్తగిరి సార్ నోటుపుస్తకం తెరిచి హార్స్ పవర్, ఆయిలు, బ్లేడు వెడల్పు అని వరసగా అడుగుతూ రాసుకోసాగారు. మద్దిలేటి ఏమీ అడగలేదు. బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వీపు నిమిరాడు. తరవాత చతికిలబడి, "పండ్లు సూపీ అప్పా" అన్నాడు.

బసవరాజుకు అర్థం కాలేదు. "కోసేది నోరే గదా. నోరు సూడకుండా గొడ్డును కొంటారా యాడన్నా?" అన్నాడు మద్దిలేటి. బండిని ఒక పక్కకు ఎత్తించి, కిందికి చెయ్యి పెట్టి, బ్లేడు అంచంతా వేలితో తడిమి చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"ముసలెద్దుకు కొమ్ములు చెక్కి రంగేసినట్ల ఉండాది సార్. రేకుకు రంగేసినారంటే అందం కోసరం అనుకుంటా. బోల్టుకు గూడా ఏసినారంటే ఆ బోల్టు కింద ఏదో దాసిపెట్టినట్టే."

పైన పటారం లోన లొటారం అని నాకు మూడేళ్ళుగా తెలుసు. దాని ఇంజను మూడుచోట్ల అతికించింది. కానీ నేను చెబితే ఎవరు వింటారు? సార్ మాత్రం ఇంకా రాసుకుంటూనే ఉన్నారు. ధర పుస్తకంలో పడ్డాక ఆయనకు ఎర్రబండి మీద మమకారం పుట్టినట్టుంది.

అప్పుడు సుంకమ్మ సీటు పట్టుకుని ఎర్రబండి మీదికి ఎక్కింది. అది కాలితో తొక్కి నడిపే బండి, కుడికాలితో. ఆమె తన కాలిని రెండు చేతులతో ఎత్తి పెడల్ మీద పెట్టింది. కాలు జారింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. నూరు ప్రశ్నల పుస్తకంలో ఆ ఒక్క ప్రశ్నా లేదు. సార్ పుస్తకం మూసేశారు.

"ఇది నాది గాదులే సార్" అంది సుంకమ్మ మామూలుగా. "ఆ గుడ్డ కింద ఉండేదేందన్నా?"

బసవరాజు నిజాయితీగానే, "అది ఎవరూ అడగరమ్మా" అంటూ టార్పాలిను తీశాడు. తుప్పు, చిరిగిన సీటు, కుక్క వెంట్రుకలు. నా మీద ఎండపడి మూడేళ్ళయింది. సిగ్గేసింది కూడా. మద్దిలేటి నా కింద చెయ్యి పెట్టి బ్లేడ్లు తడిమాడు. అంతకుముందు నన్ను కొన్నవాళ్ళెవరూ నా పళ్ళు పట్టి చూడలేదు. "ఒళ్ళు పాడయింది గానీ నోరు బాగుండాది. చింత సచ్చినా పులుపు సావలేదు" అన్నాడు. సుంకమ్మ ఎక్కింది. నాకు వేగం మార్చేది చేతిగేరు. కుడికాలికి నా దగ్గర పనే లేదు, ఎడమకాలితో బ్రేకు తొక్కితే చాలు. ఆమె గేరు ముందుకు తోసింది, వెనక్కు లాగింది, ఇంకోసారి తోసింది. దిగలేదు. అక్కడే కూర్చుని, "ఇది ఎంతన్నా?" అని అడిగింది.

బసవరాజు తొంభై అయిదు వేలన్నాడు. మద్దిలేటి భుజం మీది తువ్వాలు తీసి బసవరాజు చేతి మీద కప్పి, కింద తన చెయ్యి దూర్చాడు. సంతలో ఎద్దుల బేరం అలాగే చేస్తారు, నలుగురికీ వినపడకుండా, వేళ్ళు పట్టుకుని. యార్డులో వినడానికి మేం తప్ప ఎవరూ లేరు, అయినా పద్ధతి పద్ధతే. బసవరాజు మొదట నవ్వాడు, తరవాత చెయ్యి వెనక్కు లాక్కోబోయాడు, ఆ తరవాత తనూ వేళ్ళు పట్టుకోవడం మొదలుపెట్టాడు. పావుగంట గడిచింది. తువ్వాలు కింద రెండు పిల్లులు కొట్టుకుంటున్నట్టు కదిలింది. చివరికి అరవై నాలుగు వేలకు తెగింది. మిగిలిన ఆరువేలు లారీ బాడుగకూ, ఆయిలుకూ.

కొన్న గొడ్డుకు అమ్మినవాడి తాడు ఉండకూడదని మద్దిలేటి పట్టుదల. తెచ్చుకున్న పలుపుతాడు నా స్టీరింగుకు కట్టాకే లారీ ఎక్కనిచ్చాడు.

ఎర్రదిన్నెలో నాకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, టెంకాయ కొట్టారు. ఆదివారం కావడంతో ఊరు ఊరంతా మైదానంలోనే ఉంది. అక్కడివాళ్ళు గడ్డిని కసువు అంటారు. "కసువు కోసే బండి వచ్చింది" అని పిల్లా పెద్దా నా చుట్టూ చేరారు. అంతవరకూ బాగానే ఉంది. ఎవరో వెనకనుంచి, "బండ కట్టండప్పా, సత్తువ ఎంతుండాదో సూద్దాం" అన్నారు.

ఆ ప్రాంతంలో తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు పెడతారు. పెద్ద రాతిబండను ఎద్దులచేత లాగించి, ఏ జత ఎంత దూరం లాగితే అంత గొప్ప. బండ లాగని ఎద్దు వాళ్ళ దృష్టిలో ఎద్దే కాదు. గడ్డి కోసే వాణ్ణి గడ్డి కోయించి చూడాలి గదా, బండ ఎందుకు? ఈ ప్రశ్న అక్కడున్న మూడువందలమందిలో ఒక్కరికీ తట్టలేదు. తను ఎంచి తెచ్చిన గొడ్డు పరువు కాబట్టి, మద్దిలేటే స్వయంగా మైదానం చదునుచేసే రాతి రోలరును తెచ్చి నా వెనక కట్టాడు.

"వద్దు మామా, కొత్త గొడ్డు" అంది సుంకమ్మ.

"నువ్వు గమ్మున నడుపు మ్మే. నేను సూసి తెచ్చినేది" అన్నాడు మద్దిలేటి.

తప్పంతా వాళ్ళమీదే తోసెయ్యను. మొదటి అడుగులోనే నేను ఇంజను ఆపేసుకుని ఉండవచ్చు. కానీ ఈలలు వేస్తున్నారు, డప్పు కొడుతున్నారు. తొమ్మిదేళ్ళు గోల్ఫు మైదానంలో పనిచేసినా నాకు ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. పొగడ్తకు పడనివాడెవడు? పది గజాలు లాగాను. పదకొండో గజంలో టప్‌మని చప్పుడైంది. ఇంజను తిరుగుతోంది, చక్రాలు తిరగడం లేదు. చక్రాలను నడిపే బెల్టు తెగిపోయింది. డప్పు కూడా ఆగిపోయింది.

బసవరాజుకు ఫోను చేస్తే, అలాంటి బెల్టు మద్రాసు నుంచి రావాలి, పన్నెండు రోజులు పడుతుందన్నాడు. కొలవడానికి జోన్ వాళ్ళు వచ్చేది శుక్రవారం. లింగారెడ్డి చెడ్డవాడు కాదు, పోటీలు ఊరు దాటిపోతాయని అతని భయం. "నేను సెప్తే ఇన్లేదు గదా సార్" అని, అక్కడే కాంట్రాక్టరుతో మాట్లాడాడు. కాంట్రాక్టరు రెండు రోజుల్లో మైదానం కోసిపెడతానన్నాడు, అయితే ఏడాది మొత్తం పని తనకే రాసివ్వాలి. మంగళవారం సాయంత్రంలోపు మాట చెప్పాలి. లింగారెడ్డి సుంకమ్మ వైపు చూడకుండా, "మంగళవారం దాకా సూస్తా" అని వెళ్ళిపోయాడు. దస్తగిరి సార్ ఈల నోట్లో పెట్టుకుని, ఊదకుండా తీసేశారు.

మద్దిలేటి రోలరు మీద కూలబడి, "సంతలో నలభై ఏండ్లు తిరిగినా, ఇట్ల ఎప్పుడూ కాలేదు" అన్నాడు. అతను తలెత్తలేకపోతుంటే నాకే జాలేసింది.

జనం పోయాక సుంకమ్మ నామీదికి ఎక్కి ఇంజను వేసింది. గేరు తోసింది, నేను కదల్లేదు. తరవాత బ్లేడ్ల పిడి లాగింది. బ్లేడ్లకు బెల్టు వేరే ఉంటుంది, దానికేమీ కాలేదు. అవి గిర్రున తిరిగాయి. ఆమె ఆ చప్పుడు కాసేపు వింది. కాలు రాకపోతే చేత్తో పని జరుపుకోవడం ఆమెకు కొత్త కాదు. ఇంజను ఆపి పిలిచింది.

"మామా, నడక పోయింది గానీ పండ్లు బాగుండాయి. నడిపించేదానికి నీ ఎద్దులు లేవా?"

మద్దిలేటి మొదటిసారి తలెత్తాడు. "ఎద్దులు కసువులోకి దిగితే తొక్కుతాయి గదా."

"గిట్టలకు గోనెపట్టలు కట్టు."

"మేస్తాయి మ్మే."

"మూతికి చిక్కాలెయ్యి. చెనిక్కాయ చేన్లో ఎయ్యవా?"

"పేడేస్తాయి."

"ఎత్తేదానికి సార్ ఉండాడు లే" అంది సుంకమ్మ. దస్తగిరి సార్ తల ఊపారు.

సోమవారం పొద్దున్నే మద్దిలేటి మైలెద్దు, పుల్లెద్దు మైదానంలోకి దిగాయి. గిట్టలకు గోనెపట్టలు, మూతులకు తాడుతో అల్లిన చిక్కాలు. ముక్కుల కింద ఎకరన్నర పచ్చగడ్డి, నోటికి ఒక్క పరక అందదు. అవి మనుషుల గురించి ఏమనుకున్నాయో నాకు బాగా తెలుసు. నన్ను కాడికి కట్టారు. నా గొంతుకు బెదురుతాయేమోనని అందరూ భయపడ్డారు కానీ, పోటీల్లో డప్పులూ ఈలలూ వినివిని ఆ ఎద్దులకు నా చప్పుడు ఒక లెక్కలోకి రాలేదు. ముందు మద్దిలేటి, నా మీద సుంకమ్మ, వెనక తట్ట పట్టుకుని దస్తగిరి సార్. ఆయన ప్యాంటు మడిచి, ఈల మాత్రం మెడలోనే ఉంచుకున్నారు. అవసరం పడినప్పుడల్లా ఈల ఊదేవారు, ఊరేగింపు ఆగేది, ఆయన ఎత్తేవారు, మళ్ళీ ఊదేవారు.

నా జీవితంలో అంత నున్నటి కోత కోయలేదు. ఇంజను నడక నడిచేటప్పుడు నాకు ఎప్పుడూ తొందరే. ఎద్దు నడకకు తొందర లేదు. బ్లేడు ప్రతి పరకనూ పలకరించి మరీ కోసింది. గోల్ఫు క్లబ్బు పెద్దలు చూసి ఉంటే కుళ్ళుకునేవారు. సుంకమ్మ స్టీరింగు పట్టుకున్న తీరు చూస్తే నాకు ముచ్చటేసింది. ఎక్కడ నేల పల్లమో, ఎక్కడ రాయి పైకి తేలిందో ఆమె అరచేతులకు తెలుసు. నేను గుద్దుకోవలసిన రాళ్ళన్నీ ఆమె ముందే తప్పించింది.

మంగళవారం సాయంత్రం లింగారెడ్డి ఫోను చేతిలో పట్టుకునే వచ్చాడు. అప్పటికి రెండు వరసల కోత మిగిలి ఉంది. అతను చెప్పులు విడిచి గడ్డి మీద కొంతదూరం నడిచాడు. వంగి, అరచేత్తో రాసి చూశాడు. స్కేలు తీసి నాలుగుచోట్ల కొలిచాడు. ఫోను జేబులో పెట్టుకుని, "శుక్రవారం కానీండి" అని వెళ్ళాడు. అది గెలుపు కాదని అందరికీ తెలుసు. జోన్ వాళ్ళు కాదంటే అదే జేబులోంచి అదే ఫోను బయటికి వస్తుంది.

శుక్రవారం జోన్ నుంచి ఒక మేడమ్ వచ్చింది. పదకొండు చోట్ల మోకాళ్ళ మీద కూర్చుని కొలిచింది. ప్రతిచోటా లింగారెడ్డి ఆమె భుజం మీదుగా స్కేలు చూశాడు. పదకొండుచోట్లా అంగుళమే వచ్చింది. చివర ఆమె లేచి, "ఇంత సమంగా ఎక్కడా చూడలేదు. ఏం మిషను వాడారు?" అని అడిగింది.

దస్తగిరి సార్ గొంతు సవరించుకుని, "హైబ్రిడ్ మేడమ్. సగం పెట్రోలు, సగం జొన్నచొప్ప" అన్నారు. ఆమె మొదటి సగం మాత్రం రాసుకుంది.

ఆ మధ్యాహ్నమే లింగారెడ్డి కాంట్రాక్టరుకు ఫోను చేసి రావద్దన్నాడు. సుంకమ్మ ఎదురుగానే చేశాడు. ఫోను పెట్టేసి, "ఏడాదికి గాదు సుంకమ్మా, నువ్వు సేసినంత కాలం" అన్నాడు. ఆమె సరే సార్ అని, నా ట్యాంకులో పెట్రోలు ఎంతుందో చూడటానికి మూత తీసింది. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది, చక్రాలు తిరగవు గనక ఊరుకున్నాను.

బెల్టు పన్నెండో రోజున వచ్చింది. ఇప్పుడు నా నడక నేనే నడుస్తాను. మైలెద్దు, పుల్లెద్దు నన్ను చూసి ఇంకా మొహం తిప్పుకుంటాయి. చిక్కాల సంగతి మరిచిపోలేదు కాబోలు. తప్పు లేదు.

పోటీలు నాలుగు రోజులు జరిగాయి. ఫైనలు రోజు పొద్దున సుంకమ్మ చివరి కోత కోసి, నన్ను గీత బయట ఒక పక్కన ఆపింది కానీ దిగలేదు. ఆట మొదలయ్యే వేళకు ముఖ్య అతిథి కోసం సోఫా తెచ్చి సరిగ్గా నా వెనకే వేశారు. లింగారెడ్డి గబగబా వచ్చాడు.

"సుంకమ్మా, బండి అడ్డముండాది. పక్కకు తియ్యి."

"ఆట అయిపోనీ సార్" అంది సుంకమ్మ, మైదానం మీదినుంచి కళ్ళు తిప్పకుండా. "పదారేండ్లు కింద కూసోని ఆ పిల్లోల్ల కాళ్ళే సూసినా. మొగాలు ఈ పొద్దే సూస్తాండ."

లింగారెడ్డి వెనక్కు తిరిగి, ముఖ్య అతిథి సోఫాను పది అడుగులు పక్కకు జరిపించాడు.